నీలం దారం ఎలుకలు

మార్చి 4, మంగళవారం

ఇవాళ ల్యాబుకి నాలుగు గంటలు ఆలస్యం. అక్క వల్లే.

డాక్టరు చెప్పినట్టు రోజూలాగే పొద్దున్నే గుమ్మం దగ్గర అభ్యాసం మొదలుపెట్టాం. రోజుకో అడుగు, అంతే. గడప దాటి మొదటి మెట్టు మీద కాలు పెట్టాలి. పెట్టదు. జబ్బ పట్టుకుని లాగితే తలుపు పట్టుకుని వేలాడింది. తరవాత ఊపిరాడటం లేదంటూ చాప మీద కూలబడింది. ఈ మనిషే పద్దెనిమిదేళ్ళు కండక్టరుగా చేసింది. కాలు పెట్టే సందు లేని బస్సులో ఈ చివరి నుంచి ఆ చివరికి టిక్కెట్లు కొట్టుకుంటూ వెళ్ళేది, ఎంత పెద్ద మనిషినైనా ఒక్క కేకతో లోపలికి జరిపేది. మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం సగం దారిలో బస్సు దిగేసి నడుచుకుంటూ ఇంటికొచ్చింది. అంతే, మళ్ళీ మా పద్నాలుగు మెట్లు దిగలేదు.

నేను వెళ్ళేసరికి పన్నెండు ఎలుకలకి ఆపరేషన్లు అయిపోయాయి. ఈలగారు చేతులు కడుక్కుంటున్నాడు. ఆపరేషన్ చేస్తున్నంతసేపూ ఈల వేస్తాడు కనక ఆ కుర్ర డాక్టరుకి నేను పెట్టుకున్న పేరది. గడియారం చూపించి నవ్వాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఏం చెప్తాం, మా అక్కకి మెట్లంటే భయమని చెప్తామా.

మార్చి 6, గురువారం

మిగతా పన్నెండూ ఇవాళ పూర్తి. తొమ్మిదింటికి పైఅంతస్తులో కణాలు పెంచే గది నుంచి ఐసు పెట్టె వచ్చింది. మంగళవారం ఆ పెట్టె నా కంటపడలేదు. చూశానంతే, ఏమీ అనుకోలేదు.

ఇంకో సంగతి. నల్ల దారం అయిపోయిందని ఈలగారు ఇవాళ నీలం దారంతో కుట్లు వేశాడు. ఒక డబ్బా ముందే తెప్పించుకోలేని మనిషి మెదడులో సూది గుచ్చుతాడు.

ఇంటికి రాగానే అక్క మళ్ళీ అంతా మొదటినుంచీ చెప్పమంది. ఎన్నోసారో. పన్నెండు ఎలుకలకి మెదడులో భయం పుట్టే చోట లేత కణాలు పెడతాం, ఇంకా పూర్తిగా నరాల కణాలు కానివి. అవి ఆరువారాల్లో అక్కడే వేళ్ళూనుకుని, చుట్టూ ఉన్న కణాల గోలని అణిచేవిగా ఎదుగుతాయని ఆశ. మిగతా పన్నెండింటికీ అదే కోత, అదే సూది, కానీ లోపలికి వెళ్ళేది ఉత్త ద్రవం. ఏ ఎలుకకి ఏది పడిందో వాటిని చూసుకునే నాకు తెలియకూడదు. ఆ జాబితా సీలు వేసిన కవర్లో, ల్యాబు నడిపే మేడమ్ బీరువాలో ఉంటుంది. ఆరువారాల తరవాత పరీక్ష పెడతాం.

అక్క అంతా విని, "పరీక్షలో నెగ్గితే మనుషులకి ఎప్పుడు?" అంది. ప్రతిసారీ ఇక్కడికే వస్తుంది.

మార్చి 7, శుక్రవారం

నీలం దారం వాటికి దెబ్బ గట్టిగా తగిలినట్టుంది. మూల చేరి ముడుచుకుని కూర్చున్నాయి. తోక మొదలు పట్టుకుని ఎత్తితే గిలగిల్లాడుతున్నాయి. పాపం కదా అని, బోనులో అరచెయ్యి పెట్టి వాటంతట అవే ఎక్కేదాకా ఆగాను. ఒక్కోదానికి నాలుగేసి నిమిషాలు పట్టింది.

నల్ల దారం వాటికి మూడు రోజులు గడిచాయి, బాగానే ఉన్నాయి. వాటిని మామూలుగానే ఎత్తాను.

మార్చి 12, బుధవారం

పట్టికలో సంతకం పెట్టాను. "అన్నిటినీ ఒకే తీరున పట్టుకోవడమైనది."

మార్చి 17, సోమవారం

కుట్లు విప్పేశాం. ఇక ఏది నీలమో ఏది నలుపో ఎవరికీ తెలియదు. మంచిదే. చెవికి ఉన్న నంబర్లు తప్ప వేరే గుర్తు లేదు.

పొద్దున అక్కతో మళ్ళీ యుద్ధం. గడప మీద రెండు నిమిషాల పది సెకన్లు నిలబడింది. స్టాప్‌వాచీ నా మెళ్ళోనే ఉంటుంది కదా, నొక్కి చూశాను. ఇంకాసేపుండమంటే వెనక్కి తిరగబోయింది, జబ్బ పట్టుకుని ఆపాను. "వదలవే" అని అరిచింది. పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఎవరికోసం చేస్తున్నాననుకుంటుందో ఈవిడ.

మార్చి 27, గురువారం

రెండు, తొమ్మిది, పదిహేడు. నేను తలుపు తీసిన చప్పుడుకే బోను ముందుకొచ్చి నిలబడుతున్నాయి. పదిహేడైతే అరచేతిలో మూతి తుడుచుకుంటుంది.

మేడమ్ అటుగా వచ్చి అన్నీ బాగున్నాయా అని అడిగారు. అన్నీ ఒకేలా ఉన్నాయన్నాను. నాకేం తెలుసు, కవరు బీరువాలో ఉంది.

ఏప్రిల్ 8, మంగళవారం

ఈలగారు నా గదిలోకి వచ్చి, ఒక ఎలుకని అరచేతిలో పెట్టుకుని కూర్చున్న నన్ను చూసి "ఏంటండీ, పెంచుకుంటున్నారా?" అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఎలుకలని చూస్తున్నాను. ఇతను స్కూల్లో చీమిడి తుడుచుకుంటున్నప్పుడు నేను వీటి బోన్లు మారుస్తున్నాను. అదే మాట మొహం మీద అనేశాను. ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

అది తొమ్మిదో నంబరు. నలుపువాటిని కూడా అలాగే పట్టుకుంటున్నాను. ఇంచుమించు.

ఏప్రిల్ 22, మంగళవారం

పరీక్ష మొదలు. ప్లస్సు గుర్తు ఆకారంలో నడుమెత్తున ఉండే బల్ల. దాని నాలుగు చేతుల్లో రెండింటికి గోడలుంటాయి, రెండింటికి ఉండవు. భయపడే ఎలుక గోడల మధ్యే నక్కుతుంది. ధైర్యమున్నది బయటి చేతుల చివరికంటా వెళ్ళి కిందికి తొంగి చూస్తుంది. ఒక్కోదానికి అయిదు నిమిషాలు. బయట ఎన్ని సెకన్లు గడిపిందో రాయడమే నా పని.

తొమ్మిదో నంబరు బయట నూటపది సెకన్లుంది. పదిహేడు అంచు మీద కూర్చుని మూతి తుడుచుకుంది, అచ్చం నా చేతిలో లాగే. నాకు గంతులెయ్యాలనిపించింది. సెకన్లు రాసుకుంటూ నిలబడ్డాను.

ఏప్రిల్ 23, బుధవారం

ఇరవై నాలుగూ అయిపోయాయి. ఒక పన్నెండింటి సగటు తొంభై ఆరు సెకన్లు. ఇంకో పన్నెండింటిది అరవై ఒకటి. ఏ పన్నెండని అడిగేవాళ్ళు ఎవరూ లేరు కనక నాలో నేనే లెక్కేసుకున్నాను.

అక్కకి చెప్పేశాను. కవరు తెరవకుండా చెప్పకూడదు, తెలుసు. పనిచేసిందక్కా అన్నాను. అక్క కుర్చీలోంచి లేచింది. మనుషుల్లో ముందు ఎవరికి చేస్తారంది. నీకే అన్నాను. ఇంకో పదేళ్ళ దాకా మనుషుల ఊసే లేదని మేడమ్ ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. అయినా నోరు జారింది. అక్క లోపలికెళ్ళి అటక మీద నుంచి కండక్టరు సంచీ దింపింది. తెగిన పట్టీ కుట్టుకుంటూ కూర్చుంది. మూడేళ్ళుగా వినని కూనిరాగం వినబడింది.

ఏప్రిల్ 25, శుక్రవారం

కవరు తెరిచారు.

ఏప్రిల్ 25, మళ్ళీ

రాయాలి. రాయకపోతే తల పగిలిపోతుంది.

మేడమ్ నంబర్లు ఒక్కొక్కటీ చదివారు. "రెండు, ద్రవం. తొమ్మిది, ద్రవం. పదిహేడు, ద్రవం." నీలం దారం వేసిన ప్రతి ఎలుకకీ ద్రవమే. కణాలు పడ్డది నల్ల దారం వాటికి. మంగళవారమే పెట్టారు. ఐసు పెట్టె రెండు రోజులూ వచ్చిందట. ఎవరూ పోల్చుకోకుండా ద్రవాన్ని కూడా అదే పెట్టెలో తెస్తారట. మంగళవారం అది వచ్చే వేళకి నేను మా గుమ్మంలో అక్కతో కుస్తీ పడుతున్నాను.

మేడమ్ కాగితం మడిచి, కణాలు పడినవే ఎక్కువ భయపడ్డాయి కనక ఇక్కడితో ఆపేద్దామన్నారు. నెలాఖరుకి నివేదిక పంపిస్తారట. పైన కణాలు పెంచే గది ఖాళీ చేయిస్తారట.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నడవాలో ఈలగారిని పట్టుకుని కడిగేశాను. నల్ల దారం అయిపోతే ఒక్క రోజు ఆగలేవా, నీలం దారం వాడమని ఎవడు చెప్పాడు, రెండు రకాలూ రెండు రోజులూ కలిపి చెయ్యాలి కదా, ఒక రోజంతా ఇవీ ఇంకో రోజంతా అవీ చేస్తారా ఎవరైనా అని నోటికొచ్చినట్టు అరిచాను. మంగళవారం కణాలు తాజాగా ఉన్నాయని ఒకేసారి చేసేశానని నసిగాడు. తరవాత నసగడం ఆపి నావైపు చూశాడు.

"దారం రంగుతో మీకేం పని?" అన్నాడు.

బోనులు మార్చే వేళయిందని వచ్చేశాను.

ఏప్రిల్ 26, శనివారం

ఇరవై నాలుగింటినీ తీసేశారు, మెదడు కోసి చూడాలి కనక. బోనుల్లోంచి తీసి ఇచ్చింది నేనే. పదిహేడు నా అరచేతిలోకి తనంతట తనే ఎక్కింది.

ఏప్రిల్ 29, మంగళవారం

మైక్రోస్కోపు దగ్గరికి రమ్మని మేడమ్ పిలిచారు. నల్ల దారం ఎలుకల మెదళ్ళలో కణాలు బతికే ఉన్నాయి. వేళ్ళూనుకుని, చుట్టుపక్కల వాటిని అల్లుకుని, పుస్తకంలో బొమ్మలా ఉన్నాయి. ఇంత చక్కగా ఎదిగి కూడా పనిచెయ్యలేదేమిటని మేడమ్ తనలో తను గొణుక్కున్నారు. నేను మైక్రోస్కోపు అద్దం తుడుస్తూ తల దించుకున్నాను.

కిందటేటి రికార్డు పుస్తకం తీసి చూశాను. ఏ ఆపరేషనూ చెయ్యని మామూలు ఎలుకలు అదే బల్ల మీద బయట గడిపింది నలభై సెకన్లు. నేను రోజూ తోక పట్టుకుని ఎత్తిన కణాల ఎలుకలు అరవై ఒకటి. అరచేతిలో పెట్టుకున్నవి తొంభై ఆరు. కిందటేటి ఎలుకలతో ఈ ఏటివాటిని పోల్చకూడదు, అదీ తెలుసు. అంటే కణాలు పనిచేశాయా లేదా? ఎవరికీ తెలియదు. తెలిసే దారి లేకుండా చేశాను నేను.

నేను చేశాను అని రాశాను. కొట్టెయ్యాలనుంది. ఈలగాడు ఒక్క రంగు దారం వాడి ఉంటే ఇదేదీ జరిగేది కాదు.

మే 3, శనివారం

అక్కకి చెప్పాల్సొచ్చింది. మొహం చూసి పట్టేసింది. పద్దెనిమిదేళ్ళు టిక్కెట్టు లేనివాళ్ళని మొహం చూసే పట్టుకున్న మనిషి దగ్గర ఏం దాస్తాం. కుట్టిన సంచీ మళ్ళీ అటక ఎక్కింది. పెట్టలేదు, విసిరింది.

అన్నం తింటూ అంతా కక్కేశాను. దారం, ఐసు పెట్టె, అరచెయ్యి, సంతకం, అన్నీ. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. వాటిని అసలెలా పట్టుకున్నావో చూపించమంది. చెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టి చూపించాను. ఇలా పెట్టి కదలకుండా ఉండాలి, దాని దిక్కు చూడకూడదు, ఎంతసేపైనా సరే అదే రావాలి, తొందరపెట్టకూడదు అని చెప్పాను. అదేదో గొప్ప విద్య అయినట్టు చెప్పాను.

అక్క తింటున్న చెయ్యి ఆపేసింది.

"ఎలుకకి అరచెయ్యి పెట్టి కూర్చున్నావు. నన్ను మాత్రం జబ్బ పట్టుకుని లాగావు. మూడేళ్ళనుంచీ."

నైటీ చేతులు పైకి లాగి చూపించింది.

అప్పుడు నేను నోరు పారేసుకున్నాను. నీకోసం ఎన్ని మానుకున్నానో తెలుసా అన్నాను. పొద్దున్న లేస్తే నీ గుమ్మం, సాయంత్రం వస్తే నీ ఆయాసం, నేనేం రాతితో చేసిన మనిషినా అన్నాను. ఈ సంతకం, ఈ అబద్ధం, అన్నీ నీకోసమే కదా, నీకు నయమవ్వాలనే కదా ఆ ఎలుకలని అంతలా చూసుకున్నది అన్నాను. నోరుమూసుకోమంది. నువ్వే మూసుకో అన్నాను. కంచం తోసేసి లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. మంచి పని అయింది, కనీసం ఒక తలుపు తనంతట తను దాటింది అనుకున్నాను. ఇంత చెడ్డ మాట మనసులోనైనా వచ్చినందుకు నన్నేం చేసినా పాపం లేదు.

మే 4, ఆదివారం

నాలుగు వేళ్ళ గుర్తులు. వెనకవైపు బొటనవేలిది. రెండు జబ్బల మీదా.

మే 5, సోమవారం

మేడమ్ గదికి వెళ్ళి కూర్చోకుండానే చెప్పాను. నీలం దారం వాటికే కణాలు పడ్డాయనుకున్నానని, వాటిని అరచేతిలో ఎత్తానని, మిగతావాటిని తోక పట్టుకుని ఎత్తానని, రోజూ ఒకే తీరని సంతకం పెట్టానని చెప్పాను. ఈలగారి పేరు ఎత్తకూడదనుకున్నాను, కానీ ఎత్తాను. రెండు రోజుల సంగతి తన తప్పూ ఉందని మేడమే అన్నారు. జాబితా తయారుచేసింది ఆవిడే కదా.

అరుస్తారని సిద్ధపడి వెళ్ళాను. అరిచి ఉంటే బాగుండేది. పట్టిక తీసి నా సంతకాలు చూసి, "ఇరవై నాలుగు ప్రాణాలు తీశాం. వాటి దగ్గర్నుంచి ఏమీ తెలుసుకోకుండా తీశాం," అన్నారు.

ఎందుకు చేశారని అడిగారు. ఇంట్లో అక్క ఉందన్నాను. అంతా రాసివ్వమన్నారు. అక్కడే కూర్చుని రాసిచ్చాను, మూడు పేజీలు.

నివేదిక ఆపేశారు. పైగది ఉంటుంది. మళ్ళీ మొదటినుంచీ చేస్తారట. ఒకే రంగు దారం, రెండు రకాలూ ఒకే రోజు, పట్టుకునేది వేరే మనిషి. నేను జంతువుల గదిలో అడుగుపెట్టకూడదు. ఇవాళ్టి నుంచి కింద బోనులు కడిగే చోట పని. పై అధికారులు ఏమంటారో తరవాత తెలుస్తుందట, ఉద్యోగం ఉంటుందో లేదో కూడా.

గుమ్మం దాటుతుంటే మేడమ్ వెనక్కి పిలిచారు. ఈసారి మూడో రకం కూడా పెడుతున్నారట. కణాలూ లేకుండా, ద్రవమూ లేకుండా, ఉత్త అరచెయ్యి. ఎలా పట్టుకోవాలో రాసిపెట్టి వెళ్ళమన్నారు. చురక వేశారో ఏమో తెలియదు, మొహంలో నవ్వు లేదు. రాసిపెట్టాను.

మే 6, మంగళవారం

బోనులు కడగడం కూడా ఒక పనేనా. గోళ్ళ నిండా పొట్టు. ఈలగారు దిగి వచ్చి ఏదో అనబోయాడు. పొమ్మన్నాను. పోలేదు, పక్కన నిలబడి రెండు బోనులు కడిగి వెళ్ళాడు. ఈల వెయ్యలేదు.

మే 8, గురువారం

అక్క నాతో మాట్లాడి అయిదు రోజులు.

పొద్దున లేచి తలుపు బార్లా తీసి, పైనుంచి అయిదో మెట్టు మీద కూర్చున్నాను, గుమ్మానికి వీపు పెట్టి. కుడి చెయ్యి పక్కన మెట్టు మీద వెల్లకిలా పెట్టాను. పిలవలేదు. వెనక్కి చూడలేదు. ఇరవై నిమిషాలు.

లోపలి నుంచి గొంతు వినబడింది. "మెళ్ళో ఆ గడియారం తీసి కూర్చో. దాన్ని చూస్తే ఒళ్ళు మండుతుంది నాకు." అయిదు రోజుల తరవాత మొదటి మాట ఇది.

తీసి లోపలికి విసిరాను. పగిలితే పగలనీ అనుకున్నాను. పగల్లేదు.

మే 9, శుక్రవారం

కూర్చున్నాను. రాలేదు.

మే 11, ఆదివారం

కూర్చున్నాను. పక్కింటావిడ దిగుతూ ఏమైనా పోయిందా వెతకాలా అని అడిగింది. ఏమీ లేదన్నాను. గుమ్మంలోంచి అక్క, "దానికి పిచ్చి పట్టింది, మీరు వెళ్ళండి," అంది. గుమ్మంలోంచి, అంటే గడప దగ్గర నుంచి. వెనక్కి చూడాలని మెడ నరాలు లాగేశాయి. చూడలేదు.

రెక్క పట్టి లాగితే ఈపాటికి రెండో మెట్టు మీదుండేది అని కూడా అనుకున్నాను. ఇంకా అలాగే అనుకుంటున్నాను చూడు నేను. సిగ్గులేని బుర్ర.

మే 13, మంగళవారం

కూర్చోలేదు. ఒంట్లో బాలేదని అక్కతో అన్నాను. నిజానికి కోపం. అయిదు రోజులు మెట్టు మీద బిచ్చగత్తెలా చెయ్యి చాచి కూర్చుంటే, ఒక్క అడుగు లేదు. పదిహేడో నంబరుకి రెండో రోజే అర్థమైంది.

మధ్యాహ్నం అక్క కాఫీ తెచ్చి పక్కన పెట్టి, "ఇవాళ డ్యూటీ లేదా?" అంది. లేదన్నాను. "ఎగ్గొట్టినవాళ్ళతో మా డిపోలో సంజాయిషీ రాయించేవాళ్ళు," అంది. కాఫీలో చక్కెర లేదు. కావాలనే వెయ్యలేదు, తెలుసు నాకు.

మే 14, బుధవారం

కూర్చున్నాను. వీపు గుమ్మం వైపు, చెయ్యి మెట్టు మీద. బోనులు కడిగి కడిగి అరచెయ్యి తోలు లేచిపోయింది. పనికి వేళవుతోందని లేవబోతుంటే వెనక చెప్పుల చప్పుడైంది. ఊపిరి వినబడింది, గట్టిగా, ఆగి ఆగి, గోడకి చెయ్యి రాసుకుంటున్న చప్పుడుతో. నేను వీధి వైపే చూస్తూ ఉన్నాను. ఎదురుగా ఎవరో సైకిల్ తుడుస్తున్నారు. ఆ సైకిల్‌కి ఎన్ని పుల్లలున్నాయో కూడా ఇప్పుడు చెప్పగలను.

అరచేతిలో ఏదో బరువుగా పడింది. చల్లగా, తడిగా ఉంది. ముడేసిన చెత్త కవరు.

"చెయ్యి ఎలాగూ ఖాళీగానే ఉందిగా. పోతూ పోతూ పారెయ్," అంది అక్క, నా తల వెనక నుంచి. గొంతు వణుకుతోంది, కోపంగా కూడా ఉంది. తరవాత చెప్పుల చప్పుడు పైకి వెళ్ళిపోయింది, ఈసారి తొందరగా. తలుపు పడింది.

ఆ కవరు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. పనికి ఆలస్యమైంది.

నాలుగు మెట్లు. లెక్కపెట్టలేదని రాద్దామనుకున్నాను. లెక్కపెట్టాను.